నాన్న కోసం బొగ్గు బండి: డార్జిలింగ్‌లో ఐదు రోజులు

మా నాన్నది టెక్కలి. ఆయన చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మగారి ఊరు పాతపట్నం వెళ్లాలంటే చిన్న రైలే దిక్కు. నౌపడలో బయల్దేరి టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి మీదుగా గుణుపూర్ దాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద నడిచేదట. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను అది. 1900లో మొదలై, 1931 నాటికి గుణుపూర్ చేరింది. 2004లో ఆపేసి, ఆ పట్టాలు తీసేసి, 2011కల్లా పెద్ద లైను వేశారు. పెద్ద లైను రావడం మంచిదే, జనానికి పనికొచ్చేదే. కానీ నాన్న మాత్రం విశాఖలో మా ఇంట్లో కూర్చుని టీవీలో ఎక్కడైనా పొగ బండి కనబడితే చాలు, చేతిలో అన్నం ముద్ద అలాగే పట్టుకుని చూస్తూ ఉండిపోతారు. ఈ ఏడాది అడిగేశాను, "నాన్నా, బొగ్గు బండి ఎక్కుతావా?" అని. "ఇప్పుడు ఎక్కడున్నాదమ్మా?" అన్నారు. డార్జిలింగ్‌లో ఉంది.

ఇంటికి తిరిగొచ్చి మూడు రోజులైంది. చెవుల్లో ఆ కూత ఇంకా పోలేదు, ఈలోపే రాసేస్తున్నాను.

నవంబర్ 20: సిలిగురి నుంచి కర్సియాంగ్

సిలిగురి పక్కనే ఉన్న న్యూ జల్పాయ్‌గురి స్టేషన్‌లో దిగ్గానే నాన్న మొదట వెతికింది చిన్న పట్టాల కోసమే. ప్లాట్‌ఫారం చివర దొరికాయి. రెండడుగుల వెడల్పు, అంటే మన పర్లాకిమిడి లైను కన్నా ఇంకా అరడుగు తక్కువ. వంగి జానతో కొలిచి, "ఇంత సన్నంగా ఉంటే కొండెలా ఎక్కుతాదే?" అన్నారు. ఇక్కణ్ణుంచి డార్జిలింగ్ దాకా 88 కిలోమీటర్లు. పూర్తిగా రైల్లోనే వెళ్లొచ్చు గానీ ఏడు గంటల పైమాటే, పైగా దాన్ని లాగేది డీజిల్ ఇంజన్. నాన్న మోకాళ్లకి అంతసేపు చిన్న సీట్లో కూర్చోవడం కష్టమని షేర్ జీపు ఎక్కాం. మనిషికి 300.

ఇక్కడే మొదటి పొరపాటు జరిగింది. జీపు రోడ్డు, రైలు పట్టాలు మొదటి నుంచీ పక్కపక్కనే పోతాయని నేను చదివాను, నాన్నకీ అదే చెప్పి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. గంట గడిచినా ఒక్క పట్టా కనబడలేదు. డ్రైవర్‌ని అడిగితే తెలిసింది, జీపులన్నీ ఇప్పుడు రోహిణి రోడ్డు మీదే పోతాయట, పట్టాల పక్కన పోయేది పాత హిల్ కార్ట్ రోడ్డు, అది వేరే. సుక్నా, రంగ్‌టంగ్, తింధారియా, గయాబారి స్టేషన్లన్నీ ఆ దారిలోనే ఉండిపోయాయి. మీరు వెళ్లేటప్పుడు జీపు ఎక్కకముందే ఏ దారిలో పోతుందో అడగండి. నాన్న ఏమీ అనలేదు గానీ కిటికీ వైపు చూడ్డం మానేశారు. నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

కర్సియాంగ్‌లో రెండు దారులూ కలుస్తాయి. అక్కడ పట్టాలు కనబడగానే ఇద్దరం జీపు దిగిపోయాం. డ్రైవర్ డార్జిలింగ్ దాకా ఇచ్చిన డబ్బుల్లోంచి 100 తిరిగి ఇచ్చాడు, మేం అడక్కుండానే.

కర్సియాంగ్ బజార్లో పట్టాలు దుకాణాల గుమ్మాలకి తగిలేలా ఉంటాయి. ఆ పట్టాల మీదే కూరగాయల బుట్టలు, స్వెటర్ల గుట్టలు, ఒక చోట చెప్పులు కుట్టే ఆయన పెట్టె. స్టేషన్ దగ్గర్లోనే రెండు బల్లలున్న చిన్న హోటల్లో కూర్చున్నాం. కార్తీక మాసం, నాన్న నీచు ముట్టరు, ఆ సంగతి ఎలా చెప్పాలా అని నేను హిందీలో మాటలు కూడబలుక్కుంటుంటే, ఆ హోటలామె నాన్న మెళ్లో రుద్రాక్షలు చూసి, "బాజేకి వెజ్ మోమో, చారు కూడా కూరగాయలదే పోస్తాను" అని తనే తేల్చేసింది. బాజే అంటే నేపాలీలో తాతయ్య. అప్పట్నుంచి ఆ ఐదు రోజులూ మా నాన్న ఊరందరికీ బాజే అయిపోయారు. మోమోల్లో క్యాబేజీ, ఉల్లి, కాస్త పనీరు. పక్కన ఎర్రటి పచ్చడి, అది ఘాటంటే ఘాటు, మన గుంటూరు వాళ్లు కూడా నీళ్లు అడుగుతారు. ప్లేటు 60, చారు ఊరికే.

తింటుండగా ఎక్కడో కూత వినబడింది. బజార్లో ఎవరూ కంగారు పడలేదు. బుట్టలు ఒక్కొక్కటే జరిగాయి, స్వెటర్లామె గుట్టని రెండు చేతులతో వెనక్కి లాక్కుంది, చెప్పులాయన పెట్టెని జానెడు పక్కకి జరిపాడు. కచ్చితంగా జానెడే. రైలు వచ్చింది, మా హోటల్ గుమ్మం ముందు నుంచే, పెట్టెలో కూర్చున్న పిల్లాడు చెయ్యి చాస్తే మా మోమో అందేంత దగ్గరగా. డీజిల్ ఇంజనే. అయినా నాన్న లేచి నిలబడ్డారు. రైలు పోగానే బుట్టలు మళ్లీ పట్టాల మీదకి వచ్చేశాయి. కర్సియాంగ్ స్టేషన్‌లో లైను ముందుకి పోదు. బండి లోపలికి వచ్చి, వెనక్కి నడుచుకుంటూ రోడ్డు మీదకి వచ్చి, అప్పుడు పైకి పోతుంది. ఆ కాసేపూ రోడ్డు మీద బండ్లన్నీ ఆగుతాయి, హారన్ కొట్టిన వాణ్ణి నేనైతే చూడలేదు.

అక్కణ్ణుంచి ఇంకో జీపులో డార్జిలింగ్. సోనాదా దాటాక మబ్బులోకి వెళ్లిపోయాం, నాన్నకి స్వెటర్ మీద శాలువా కప్పాను.

నవంబర్ 21: డార్జిలింగ్, టికెట్ గొడవ

పొద్దున్నే స్టేషన్‌కి వెళ్లాం, రేపటి బండి ఎక్కణ్ణుంచి బయల్దేరుతుందో చూసుకుందామని. కౌంటర్ దగ్గరున్న ఆయన మా టికెట్ చూసి, "ఇది డీజిల్ జాయ్‌రైడ్" అన్నాడు. నా గుండె జారిపోయింది. ఏజెంటుకి నెల ముందే డబ్బులిచ్చి, స్టీమ్ కావాలని రెండుసార్లు చెప్పాను. ఆయన డీజిల్‌కి చేసి పంపాడు, నేను సరిగ్గా చూసుకోలేదు. ఈ జాయ్‌రైడ్ అంటే డార్జిలింగ్ నుంచి ఘూమ్ దాకా వెళ్లి తిరిగి రావడం, మొత్తం రెండు గంటలు. టికెట్ మీద ఎక్కే ఊరూ డార్జిలింగే, దిగే ఊరూ డార్జిలింగే. స్టీమ్‌కి వేరే బండ్లు, డీజిల్‌కి వేరే బండ్లు, రోజుకి చాలా తిరుగుతాయి. అందుకే బుక్ చేసేటప్పుడు బండి పేరు పక్కన ఏ ఇంజనో చూసుకోవాలి. డీజిల్‌కి మనిషికి 1,000 దగ్గర, స్టీమ్‌కి 1,500 పైన. ఆ తేడా చూస్తే నాకు ముందే అనుమానం రావాల్సింది.

నాన్న "పోన్లేమ్మా, ఏదైనా ఒకటే" అన్నారు. ఒకటే కాదు. వెయ్యిన్నర కిలోమీటర్లు వచ్చింది డీజిల్ కోసం కాదు. నేను కౌంటర్ దగ్గరే నిలబడిపోయాను. గంటన్నర తర్వాత రేపు పొద్దుటి స్టీమ్ బండికి రెండు సీట్లు ఖాళీ అయ్యాయి, వేర్వేరు చోట్ల. తీసేసుకున్నాను. డీజిల్ టికెట్లు రద్దు చేస్తే కొంత డబ్బు పోయింది, పోతే పోనీ.

టికెట్ చేతిలో పడ్డాక చూస్తే నాన్న లేరు. స్టేషన్ అంతా తిరిగాను. టెన్షన్‌తో రోడ్డు దాటితే, ఎదురుగా ఇంజన్ల షెడ్డు దగ్గర గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు, కదలకుండా.

లోపల మూడు ఇంజన్లున్నాయి. ఒకదానికి అప్పుడే నిప్పు రాజేస్తున్నారు. నేను ఈ ఇంజన్లని ఫోటోల్లో చూసి బొమ్మలాంటివి అనుకున్నాను, టాయ్ ట్రెయిన్ అనే పేరు కూడా అలాగే ఉంటుంది. దగ్గర నిలబడితే అది బొమ్మ కాదని తెలుస్తుంది. నాలుగే చక్రాలు, వీపు మీద జీను వేసినట్టు బాయిలర్‌ని కప్పి నీళ్ల తొట్టి, దాని వెనకే బొగ్గు. ఈ రకాన్ని బి క్లాస్ అంటారు, 1889 నుంచి తయారుచేశారు. ఎక్కువ భాగం బ్రిటన్‌లో చేసినవే, మూడు మాత్రం ఈ కొండ మీదే తింధారియా వర్క్‌షాపులో చేశారు. ఇప్పటికీ ఏదైనా విరిగితే ఆ భాగం బజార్లో దొరకదు, వర్క్‌షాపులో మనుషులు చేసి పెట్టాల్సిందే.

ఇద్దరు కుర్రాళ్లు బొగ్గు గడ్డల్ని సుత్తితో కొడుతున్నారు. పిడికిలంత సైజు. పెద్దవి వేస్తే లోపల సరిగ్గా అంటుకోవు, మరీ పొడి అయితే జల్లెడ్లోంచి రాలిపోతుంది. ఒక పెద్దాయన నూనె డబ్బా ముక్కుతో ఒక్కో కీలు దగ్గరికీ వెళ్లి రెండేసి చుక్కలు వేస్తున్నాడు, నూనె వేసిన ప్రతిచోటా ఎడమ చేతి వేలితో ఒకసారి తాకుతున్నాడు. అంతసేపట్లో ఒక్క కీలూ వదల్లేదు. నాన్న నా వైపు తిరక్కుండానే, "టెక్కల్లో డ్రైవరు కూడా అలాగే ముట్టుకునేవోడు. వేడి చూస్తాడన్నమాట. వేడెక్కితే నూనె చాల్లేదని" అన్నారు. అరవై ఏళ్ల కిందటి సంగతి. ఇంత వివరంగా ఆయనకి గుర్తుందని నాకు తెలియదు.

మేం అక్కడ రెండు గంటలు నిలబడ్డాం. ఎవరూ పొమ్మనలేదు. లోపలికి మాత్రం అనుమతి లేకుండా వెళ్లకూడదు, రోడ్డు మీంచే అంతా కనబడుతుంది. డార్జిలింగ్‌లో మీకు ఒక్క పూట మాత్రమే ఉన్నా, రైలెక్కే ముందు ఒక గంట ఇక్కడ నిలబడండి. ఇది చూశాక ఎక్కితే ఆ బండి వేరేగా ఉంటుంది. దీనికి టికెట్ కూడా లేదు.

సాయంత్రం చౌక్ బజార్లో ఆలూ దమ్ తిన్నాం. మన బంగాళదుంప వేపుడుకీ దీనికీ చుట్టరికం లేదు. ఎర్రటి కారం పులుసులో దుంపలు, పైన కరకరలాడే కారప్పూస చల్లి కాగితం గిన్నెలో ఇస్తారు. 30 రూపాయలు. చలికి ముక్కు కారుతుంటే అది తినడం గొప్పగా ఉంది. మా బసలో రాత్రి వేడినీళ్లు రాలేదు, నీటి ఎద్దడి ఈ ఊరికి ఎప్పుడూ ఉన్నదేనట, బకెట్ నీళ్లు కాచి తెచ్చి ఇచ్చారు. సందుల్లో అడుగడుగునా నల్లటి పైపులు కట్టలు కట్టలుగా పోతుంటే అప్పటిదాకా అవేంటా అనుకున్నాను, అన్నీ ఎవరి ఇంటికి వాళ్లు లాక్కున్న నీటి గొట్టాలు. అది చూశాక మర్నాడు రెండో బకెట్ అడగబుద్ధి కాలేదు.

నవంబర్ 22: బొగ్గు బండి

తెల్లారి ఆరుకి కిటికీ తీస్తే కాంచన్‌జంగా. 8,586 మీటర్లు. గులాబీ రంగులోంచి తెలుపులోకి మారుతూ, ఊరి మీదకి వంగి చూస్తున్నట్టుగా ఉంది. నాన్న చేతులు జోడించారు. సూర్యోదయం చూడ్డానికి టైగర్ హిల్‌కి వెళ్లమని అందరూ చెప్పారు గానీ తెల్లవారుజామున మూడున్నరకి లేచి నాన్నని చలిలో తిప్పడం ఇష్టం లేక మానేశాను. నవంబర్‌లో ఆకాశం తేటగా ఉంటే గదిలోంచే కనబడుతుంది.

ఇంజన్ స్టేషన్‌లోకి వెనక్కి నడుస్తూ వచ్చి పెట్టెలకి తగులుకుంది. రెండే పెట్టెలు. నాన్న సీట్లో కూర్చోలేదు, బండి కదిలేదాకా ఇంజన్ పక్కనే ఉన్నారు. నిన్న నూనె వేసిన పెద్దాయనే డ్రైవరు. నాన్న ఆయనకి నమస్కారం పెట్టి తనకొచ్చిన హిందీలో, "మా ఊళ్లో కూడా ఇలాంటి బండే ఉండేది. మీ దానికన్నా కాస్త వెడల్పు" అని చేతులతో కొలత చూపించారు. ఆయన "ఇప్పుడు?" అని అడిగాడు. నాన్న చెయ్యి అడ్డంగా ఊపారు. ఆయన ఏమీ అనకుండా కూత తాడు మీద చెయ్యి వేసి, నాన్నని చూపిస్తూ నవ్వి, ఒకసారి లాగాడు. నాన్న చెవులు మూసుకోలేదు. స్టేషన్‌లో ఉన్న మిగతా వాళ్లందరూ మూసుకున్నారు.

ఈ చిన్న ఇంజన్‌కి ఎంతమంది మనుషులో చూడండి. డ్రైవర్, ఫైర్‌మన్, బొగ్గు మీద కూర్చుని దాన్ని పగలగొట్టి కిందకి అందించే అతను, ఇంకా ముందు బంపరు మీద ఇద్దరు. ఆ ఇద్దరి పనీ ఇసక చల్లడం. మంచుకి పట్టాలు తడిసి ఉంటాయి, ఎక్కుడు నిటారుగా ఉంటుంది, చక్రం జారుతుంది. అప్పుడు ఆ ఇద్దరూ వంగి, కదులుతున్న బండి మీంచి, చేత్తో పట్టా మీద ఇసక వదులుతారు. 1881లో ఈ లైను డార్జిలింగ్ చేరిన నాటి నుంచీ పని ఇంతే.

బయల్దేరిన పది నిమిషాలకి నేను ఆ జారడం చూశాను. ఇళ్ల మధ్య ఒక మలుపులో బండి ఊపిరి లయ తప్పింది. అప్పటిదాకా ఛుక్ ఛుక్ అంటున్నది ఒక్కసారిగా గబగబా ఛుకఛుకఛుక అని, చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి ఆగాయి. ముందున్న అతను డబ్బాలోంచి పిడికెడు ఇసక తీసి వేళ్ల సందుల్లోంచి సన్నగా పట్టా మీద వదిలాడు, మా అమ్మ ముగ్గు వేసినంత సన్నటి గీత. మళ్లీ ఛుక్, ఆగి, మళ్లీ ఛుక్. చక్రం కింద ఇసక నలిగిన చప్పుడు కిటికీలోంచి వినబడింది. బండి ఎక్కింది. పెట్టెలో అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న మాత్రం ఆ కుర్రాడి చేతినే చూస్తున్నారు.

దారంతా ఊరి మధ్యలోంచే. కుడి పక్క మిఠాయి దుకాణం, ఎడమ పక్క ఎవరి ఇంటి పెరడో, తీగ మీద ఆరేసిన బట్టలు. ఒకావిడ బండి రావడం చూసి, బట్టలకి మసి అంటకుండా రెండు దుప్పట్లు చకచకా లోపలికి తీసుకుంది. రోజుకి ఎన్నిసార్లు ఇలా తీయాలో పాపం. మనకి అందమైన రైలు, ఆమెకి ఉతుకుడు. అయినా లోపలికి వెళ్తూ మా పెట్టెకి చెయ్యి ఊపింది.

మధ్యలో ఒకచోట ఆగి ఇంజన్ నీళ్లు తాగింది. ఆ తర్వాత బతాసియా. ఇక్కడ లైను ఒక గుట్ట చుట్టూ తిరిగి తన మీంచి తనే దాటి పైకి పోతుంది. 1919లో కట్టారు, ఈ మలుపు లేకపోతే ఆ చిన్న చోటులో అంత ఎత్తు ఎక్కలేదు. మధ్యలో గూర్ఖా సైనికుల స్మారకం, వెనక మంచు కొండ. పది నిమిషాలే ఆపుతారు. అందరూ ఫోటోల కోసం పరిగెత్తారు, మేమూ ఒకటి తీసుకున్నాం. నాన్న కంట్లో అప్పటికే నలుసు పడింది, కన్ను ఎర్రబడి నీరు కారుతోంది. రుమాలు తడిపి ఇస్తే తుడుచుకుంటూ, "కిటికీలోంచి ముందుకి తొంగి చూడకూడదు. మా తాత ఎప్పుడూ అదే తిట్టేవోడు" అన్నారు. కంట్లో నీళ్లున్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. మీరు వెళ్తే పిల్లలకి కళ్లజోడు పెట్టండి, తెల్ల బట్టలు వద్దు.

ఘూమ్ 2,258 మీటర్ల ఎత్తులో ఉంది, మన దేశంలో అన్నిటికన్నా ఎత్తైన రైల్వే స్టేషన్ ఇదే. అరగంట ఆగుతుంది. పైన చిన్న మ్యూజియం, బయట బేబీ సివోక్ అనే బుల్లి ఇంజన్ పెట్టారు. ఈ లైను ఎందుకు వేశారన్నది నాకు ఆసక్తిగా అనిపించింది. అప్పటికే సిలిగురి నుంచి ఎడ్లబండ్ల రోడ్డు ఉంది, కానీ బండి కిరాయి వల్ల కింద దొరికే బియ్యం కొండెక్కేసరికి ధర రెట్టింపు దాటేదట. ఫ్రాంక్లిన్ ప్రెస్టేజ్ అనే రైల్వే ఏజెంటు ఆ లెక్కలు ముందు పెట్టి, ఉన్న రోడ్డు అంచునే పట్టాలు వేస్తే సరిపోతుందని 1878లో ప్రభుత్వాన్ని ఒప్పించాడు. అందుకే ఇప్పటికీ రైలు రోడ్డుని ఇన్నిసార్లు అడ్డంగా దాటుతుంది, అందుకే దీనికి ఒక్క పెద్ద సొరంగం కూడా లేదు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వంలో చేర్చింది. మన దేశంలో ఆ గుర్తింపు అందుకున్న మొదటి రైలు ఇదే, నీలగిరి, కాల్కా–సిమ్లా తర్వాత వచ్చాయి.

స్టేషన్ బయట ఒకావిడ దగ్గర సేల్ రోటీ తిన్నాం. బియ్యప్పిండితో గాజులా గుండ్రంగా నూనెలో వేసి తీస్తారు, కాస్త తీపి. నాన్న ఒకటి తిని, "అరిశె పిండి, గారె ఆకారం" అన్నారు. రెండూ 40, టీ 15. టీ అంటే పాలు పోసిన మామూలు టీయే. ఇక్కడి వాళ్లు రోజూ తాగేది అదే, ఖరీదైన ఆకు టీ ఎక్కువగా బయటికి పోయేదే.

తిరుగు ప్రయాణం దిగుడు, ఇంజన్‌కి పెద్ద పని లేదు. నాన్న నిద్రపోయారు. ముఖం మీద మసి చారలు అలాగే ఉన్నాయి, నేను తుడవలేదు.

నవంబర్ 23: ఘూమ్ నుంచి నడక

ఈ రోజు పట్టాల వెంబడి నడుద్దామనుకున్నాం. షేర్ జీపులో మనిషికి 40 ఇచ్చి ఘూమ్ వెళ్లి, ముందు పాత బౌద్ధ మఠానికి బయల్దేరి తప్పు మలుపు తిరిగి, ఒక బడి వెనకకి చేరాం. అక్కడ స్వెటర్లు అల్లుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లలో ఒకామె, దారి మాటల్లో చెప్పకుండా, అల్లిక చంకలో పెట్టుకుని మాతో మఠం గుమ్మం దాకా వచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు, తీసుకోకపోగా చిన్నబుచ్చుకుంది. మళ్లీ ఎవరికీ డబ్బు ఇవ్వజూపలేదు. 1850లో కట్టిన మఠం, లోపల పదిహేను అడుగుల మైత్రేయ బుద్ధుడు, వెన్న దీపాల వాసన. కార్తీకంలో దీపం పెట్టడం ఎక్కడైతే ఏముందని నాన్న ఒక దీపం వెలిగించారు.

అక్కణ్ణుంచి బతాసియా దాకా రోడ్డు అంచున నడిచాం. బయటి నుంచి బండిని చూడడం, లోపల కూర్చోవడం రెండు వేరు అనుభవాలు. లోపల ఉంటే ఇంజన్ కనబడదు. మలుపు దగ్గర నిలబడి ఎదురు చూస్తే ముందు కూత, తర్వాత చెట్ల మీద తెల్లటి పొగ, ఆ తర్వాత చాలాసేపటికి బండి. నిన్నటి డ్రైవరు మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యి ఎత్తాడు.

నవంబర్ 24: తింధారియా మీదుగా కిందకి

వచ్చేటప్పుడు పోగొట్టుకున్న దారి చూడాల్సిందే అనుకున్నాను. హిల్ కార్ట్ రోడ్డు మీదుగానే దింపాలి, అడిగినచోట ఆపాలి అని ముందే మాట్లాడుకుని కారు తీసుకున్నాం, 3,500. షేర్ జీపుతో పోలిస్తే చాలా ఎక్కువే. ఈ ట్రిప్పులో నాకు ఒక్క రూపాయి కూడా దండగ అనిపించని ఖర్చు కూడా ఇదే. డ్రైవర్ కుర్రాడు మొదట్లో రోడ్డు బాగోదని గొణిగాడు, నిజంగానే గతుకులు, కొండ విరిగిపడిన చోట్ల ఇంకా మట్టి గుట్టలు. కానీ నాన్న అడిగే ప్రశ్నలకి అతనికే ఉత్సాహం వచ్చి, మేం అడగనిచోట కూడా ఆపడం మొదలెట్టాడు.

గయాబారి దగ్గర దిగి చూశాం. కొండ మరీ నిటారుగా ఉండి మలుపు తిప్పడానికి చోటు లేనిచోట, బండి ముందుకి వెళ్లి ఆగుతుంది, పట్టాల దారి మార్చి వెనక్కి వాలు ఎక్కుతుంది, మళ్లీ ఆగి ముందుకి ఎక్కుతుంది. ఇంగ్లీషు జెడ్ అక్షరంలా. కర్రతో మట్టిలో గీసి నాన్నకి చూపిస్తుంటే ఆయన నా చేతిలో కర్ర తీసుకుని, "నిచ్చెన ఎక్కినట్టేనన్నమాట" అని సరిగ్గా గీశారు. తింధారియా కన్నా కాస్త పైన ఎగోనీ పాయింట్, లైను మొత్తంలో అన్నిటికన్నా ఇరుకైన గుండ్రం. కారు కూడా అంత చిన్న చోటులో తిప్పడం కష్టం, రైలు తిరిగేస్తుంది. వర్క్‌షాపుని రోడ్డు మీంచే చూశాం, లోపల్నుంచి సుత్తి చప్పుడు వస్తోంది.

రంగ్‌టంగ్ స్టేషన్‌లో టీ తాగుతుండగా కింద నుంచి పైకి పోయే బండి వచ్చింది, డీజిల్‌ది. ముగ్గురు పిల్లలు బడి సంచులతో పరిగెత్తి, కదులుతున్న పెట్టె మెట్టు మీదకి ఎగిరి నిలబడి, వంద గజాలు పోయి దూకేశారు. గార్డు కేక వేశాడు, వాళ్లు నవ్వారు. నేను "అయ్యో" అన్నాను. నాన్న టీ గ్లాసు బల్ల మీద పెట్టి, టెక్కలి ఔటర్ సిగ్నల్ దగ్గర తను కూడా ఇలాగే దూకేవాడినని, ఒకసారి మోచెయ్యి చీరుకుపోయి ఇంట్లో చెప్పకుండా చొక్కా చేతులు దించుకుని అన్నం తిన్నానని చెప్పి, స్వెటర్ చెయ్యి పైకి లాగి చూపించారు. మోచేతి కింద తెల్లటి గీత. ఆ మచ్చ నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే, ఎలా వచ్చిందని ఎప్పుడూ అడగలేదు.

సుక్నా వచ్చేసరికి ఎండ తగిలింది. నాన్న స్వెటర్ విప్పేసి మడతపెట్టి ఒళ్లో పెట్టుకున్నారు. దానికి బొగ్గు వాసన ఇంకా ఉంది.